పాత టర్బో కారు, కారుతున్న ఇంజన్: ఏ ఆయిల్ పోయాలి?

ఇంజన్ కింద మరకలు మొదలవగానే చాలామంది చిక్కటి ఆయిల్ కోసం చూస్తారు. ఎలాగూ నేలపాలయ్యేదే కదా అని కొందరు అందులోనూ చవకరకం తెస్తారు. మామూలు ఇంజన్‌లో ఈ రెండు పనులూ కొంతకాలం నడిచిపోతాయి. టర్బో ఉన్న ఇంజన్‌లో మాత్రం ఖరీదైన తప్పులు అవుతాయి. ఇంజన్ పొగ బలంతో తిరుగుతూ లోపలికి గాలిని ఎక్కువగా తోసేది టర్బో. దాని షాఫ్టు నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల సార్లు తిరుగుతుంది. ఎక్కువ టర్బోల్లో దాన్ని నిలబెట్టేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ షాఫ్టుకు ఒకవైపు పెట్రోల్ ఇంజన్లలో 900 డిగ్రీల సెల్సియస్ దాటగల పొగ తగులుతుంటుంది. కాబట్టి ఆయిల్‌ని టర్బోను చూసి ఎంచుకోవాలి. లీకు సంగతి ప్యాకింగ్‌లు, సీళ్లు, బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి, ఆవిరి బయటపడే దారి) చూసుకోవాలి. ఈ రెండు లెక్కలూ కలిపేస్తే రెండూ చెడతాయి.

కింద చెప్పే పోలిక అంతా ఈ వరుసలోనే సాగుతుంది: ముందు టర్బోకి సరిపడని ఆయిళ్లను పక్కన పెట్టడం, మిగిలినవాటిలో లీకుకు కాస్త మేలు చేసేదాన్ని తీసుకోవడం.

కొనేముందు: కారుతోందా, కాలుతోందా?

ఆయిల్ తగ్గడానికి రెండు దారులున్నాయి. బయటికి కారడం ఒకటి, లోపల కాలిపోవడం రెండోది. రాత్రంతా నిలిపిన కారు కింద ఇరవై చుక్కలు కనిపిస్తే భయం వేస్తుంది గానీ అవన్నీ కలిపినా ఒక మిల్లీలీటరు దాటవు. డిప్‌స్టిక్ మీద 1000 కిలోమీటర్లకు అర లీటరు తగ్గుతుంటే ఆ చుక్కలు మాత్రమే దానికి కారణం కాలేవు. మిగతాది ఇంజన్ తిరిగేటప్పుడు ఒత్తిడి మీద చిమ్ముతోంది, లేదా కాలిపోతోంది.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలిపొగ ఒక గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలిపొగ వస్తే టర్బో సీళ్లు కూడా అనుమానితుల జాబితాలోకి వస్తాయి. అప్పుడు ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన గాలిని చల్లబరిచే భాగం) పైపు విప్పి చూడండి. లోపల జిడ్డు పూత ఉంటే కంగారు పడక్కర్లేదు, బ్రీదర్ ఆవిరి వల్ల అది మామూలే. వంచితే ఆయిల్ ధారగా కారేంత నిలిచి ఉంటే మాత్రం టర్బోనో బ్రీదర్‌నో చూడాల్సిందే.

టర్బో సీళ్ల గురించి ఒక సంగతి తెలిస్తే సగం అనవసరపు ఖర్చు తప్పుతుంది. ఎక్కువ టర్బోల్లో ఉండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగ్ లాంటి సన్నటి లోహపు రింగులు. ఆయిల్ దానంతట అది ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అంటే చాంబర్‌లోకి దిగిపోతున్నంతవరకే అవి ఆపగలవు. రిటర్న్ పైపులో మసి గడ్డకట్టినా, చాంబర్‌లో గాలి ఒత్తిడి పెరిగినా, ఆయిల్ గరిష్ఠ గీత దాటేలా పోసినా కిందికి దిగే దారి ఇరుకై ఆయిల్ రింగులు దాటి పొగవైపో గాలివైపో పోతుంది. ఇలాంటప్పుడు టర్బో మార్చినా కొత్తదీ కారుతుంది. సీలు ఉబ్బించే ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అక్కడ ఉబ్బడానికి రబ్బరే లేదు.

బ్రీదర్ చూడకుండా ఆయిల్ మార్చొద్దు

టర్బో కార్లలో ఒకేసారి నాలుగైదు చోట్ల జిడ్డు మొదలైతే నాలుగైదు ప్యాకింగ్‌లు ఒకే నెలలో పాడయ్యాయని అనుకోకండి. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలే వాల్వ్), బ్రీదర్ పైపులు చూడండి. బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు ఇన్‌టేక్‌లోని ఒత్తిడి ఇంజన్ లోపలికి రాకుండా ఒక చెక్ వాల్వ్ అడ్డుకుంటుంది. అది పాడైతే టర్బో కొట్టే గాలి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి చేరి, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. నిదానంగా నడిపితే కారదు, హైవే మీద నడిపితే కారుతుంది అనిపిస్తే ఇదే మొదటి కారణంగా పెట్టుకోండి.

పరీక్ష సులువు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద పలుచటి రబ్బరు గ్లౌజు కప్పి పట్టుకోండి. పెట్రోల్ ఇంజన్‌లో అది కొద్దిగా లోపలికి లాగినట్టు ఉండాలి. డీజిల్‌లో అటూఇటూ కొట్టుకోవడం సహజం. ఉబ్బి గట్టిగా నిలబడితే బ్రీదర్ మూసుకుపోయిందనో, రింగుల్లోంచి గాలి ఎక్కువగా దిగుతోందనో అర్థం. మూత తీయడానికే బలం పెట్టాల్సివచ్చేంత లాగుతూ ఈల శబ్దం వస్తుంటే పీసీవీ డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. ఐడిల్‌లో బాగానే ఉందని చెక్ వాల్వ్‌ని వదిలేయకండి. దాని అసలు పని బూస్ట్‌లో కాబట్టి విప్పి ఊది చూడాలి: గాలి ఒకవైపే వెళ్లాలి. ఈ భాగాలు బాగుచేశాక చాలా లీకులు బాగా తగ్గిపోతాయి. ఆ తర్వాత మిగిలే లీకును చూసి ఆయిల్ ఎంచుకుంటేనే ఎంపికకు అర్థం ఉంటుంది.

చిక్కదనం లీకుని ఎంత తగ్గిస్తుంది?

ఇక్కడ అంకెలు చూడటం అవసరం. 5డబ్ల్యూ-40లో చివరి 40 అనేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. ఆ గ్రేడ్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు ఉండాలి. 30 గ్రేడ్‌కి 9.3 నుంచి 12.5 లోపు, 50 గ్రేడ్‌కి 16.3 నుంచి 21.9 లోపు. మార్కెట్‌లో దొరికే 5డబ్ల్యూ-30 సాధారణంగా 11, 12 దగ్గర, 5డబ్ల్యూ-40 దాదాపు 14 దగ్గర, 20డబ్ల్యూ-50 దాదాపు 18 దగ్గర ఉంటాయి. సన్నటి సందులోంచి కారే పరిమాణం చిక్కదనం పెరిగే నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి 5డబ్ల్యూ-30 నుంచి 5డబ్ల్యూ-40కి వెళ్తే వేడి ఇంజన్‌లో లీకు మహా అయితే ఐదో వంతు తగ్గుతుంది. ఆగిపోదు.

అది కూడా ఆయిల్ తనంతట తాను జారే చోట్లకే వర్తిస్తుంది. ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్, టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు లాంటివి పంపు ఒత్తిడి మీద ఉంటాయి. చిక్కటి ఆయిల్ పోస్తే అక్కడ ఒత్తిడి కూడా పెరుగుతుంది, తగ్గాల్సిన లీకు తగ్గదు.

ఇంకో పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. 5డబ్ల్యూ-40 కారుతోందని 15డబ్ల్యూ-40 పోస్తారు. వేడెక్కాక రెండూ 40 గ్రేడే, చిక్కదనంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా చల్లటి స్టార్టింగ్‌లో ఉంటుంది: 15డబ్ల్యూ టర్బో బేరింగ్ దాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఏ ఆయిలైనా చిక్కగానే ఉంటుంది. 5డబ్ల్యూ-40 కూడా 40 డిగ్రీల దగ్గర 80, 90 సెంటీస్టోక్స్ ఉంటుంది, అంటే వేడి మీద ఉన్నదానికి ఆరింతలు. కాబట్టి ముందు అంకెని పెంచడం వల్ల లీకుకు దొరికేది దాదాపు ఏమీ లేదు, టర్బోకి జరిగేది మాత్రం నష్టం.

ఏది దేనికి

మాన్యువల్ చెప్పిన గ్రేడ్‌లోనే ఫుల్ సింథటిక్. లీకు చెమ్మలా ఉండి, 1000 కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల లోపు తగ్గుతుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, ఇదే. సింథటిక్ పోస్తే లీకులు మొదలవుతాయన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. తొలితరం సింథటిక్ ఆయిళ్లలో కొన్ని రబ్బరును కొద్దిగా కుదించేవి, ఆ మాట అక్కడినుంచి వచ్చింది. ఇప్పటి ఆయిళ్లలో దాన్ని సరిచేసే ఎస్టర్లు కలుపుతున్నారు. అయితే ఏళ్ల తరబడి మినరల్ ఆయిల్ తాగిన ఇంజన్‌లో మడ్డి పేరుకుని గట్టిపడ్డ సీలు చుట్టూ అడ్డంగా నిలబడి ఉండొచ్చు. మంచి సింథటిక్ ఆ మడ్డిని కరిగించినప్పుడు దాక్కున్న లీకు బయటపడుతుంది. సీలు అంతకుముందే పోయింది, ఇప్పుడు కనిపించింది.

చివరి అంకె ఒక్క మెట్టు పెంచడం. 5డబ్ల్యూ-30 నడిచే ఇంజన్‌కు 5డబ్ల్యూ-40. లక్షన్నర కిలోమీటర్లు దాటి, మోస్తరుగా కారుతూ, కొంచెం కాలుస్తూ ఉన్న టర్బో కారుకు ఎక్కువ సందర్భాల్లో మేము మొగ్గేది దీనివైపే. కారణం లీకు కాదు, అక్కడ దొరికేది ఐదో వంతేనని పైన చూశాం. అరిగిన టర్బో బేరింగ్‌లో, కాన్‌రాడ్ బేరింగ్‌లో వేడి మీద ఆయిల్ పొర తెగకుండా నిలబడటం అసలు లాభం. 150 డిగ్రీల దగ్గర గట్టి రాపిడిలో కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ విలువ, యూరప్ కార్ల తయారీదారుల సంఘం (ఏసీఈఏ) ప్రమాణాల్లో ఒకటైన ఏ3/బీ4 ఆయిళ్లకు కనీసం 3.5 ఉండాలి. ఇంధనం ఆదా కోసం చేసిన 5డబ్ల్యూ-30లు చాలావరకు 2.9, 3.1 దగ్గర ఆగుతాయి. మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటే అందులో 40 గ్రేడ్ ఉందో లేదో చూడండి; పాత టర్బో కార్లలో ఎక్కువ వాటికి ఉంటుంది. 0డబ్ల్యూ-20 కోసం కట్టిన ఇంజన్ అయితే ఒక్కసారిగా 40కి దూకొద్దు. వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు ఆయిల్ ఒత్తిడి మీదే కదులుతాయి, 30 దగ్గర ఆగాలి.

హై మైలేజ్ ఆయిల్. ఇందులో గట్టిపడ్డ రబ్బరును మెత్తబరిచి కొద్దిగా ఉబ్బించే పదార్థాలు ఉంటాయి. క్రాంక్ ముందు, వెనక సీళ్లు, క్యామ్ సీలు, వాల్వ్ సీళ్ల దగ్గర నెమ్మదిగా చెమ్మ పడుతుంటే పోయదగ్గదే. ఫలితం ఒక్క రోజులో కనపడదు, 1500, 2000 కిలోమీటర్లు నడవాలి. ఒక్కోసారి రెండో మార్పు దాకా ఆగాలి. చిరిగిన సీలుకు, సీలు కింద గాడి పడ్డ షాఫ్టుకు, కార్క్ ప్యాకింగ్‌కు, గమ్ పూసి బిగించిన చాంబర్ అంచుకు, రాగి వాషర్‌కు ఇది ఏమీ చేయలేదు. ఇంకో చిక్కు: హై మైలేజ్ పేరుతో అమ్మేవన్నీ టర్బోకి సరిపడేవి కావు. డబ్బా వెనక ఉండాల్సిన ప్రమాణం లేకపోతే ముందున్న పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా పక్కన పెట్టండి.

సెమీ సింథటిక్ 10డబ్ల్యూ-40. లీకు బాగా ఎక్కువై, బాగుచేయడానికి ఇంకో నెలా రెండు నెలలు పట్టేట్టుంటే ఈ మధ్యకాలానికి ఒప్పుకోవచ్చు. మాన్యువల్‌లో 10డబ్ల్యూ-40 ఉండాలి, ప్రమాణం సరిపోవాలి, 5000 కిలోమీటర్లకే మార్చేయాలి. గడ్డకట్టే చలి ఉన్న చోట్ల వద్దు.

మినరల్ 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50. పెట్రోల్ టర్బోకి వద్దు. బండి ఆపాక ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, టర్బైన్ వేడి మాత్రం బేరింగ్ హౌసింగ్‌లోకి పాకుతూనే ఉంటుంది. అక్కడ నిలిచిన మినరల్ ఆయిల్ త్వరగా మాడి గట్టి బొగ్గు పెచ్చుగా మారుతుంది, అదే తర్వాత పైపును, రింగులను మూసేస్తుంది. నీళ్లతో చల్లబడే హౌసింగ్ లేని పాత టర్బోల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 20డబ్ల్యూ-50తో చలి స్టార్టింగ్‌లో ఫిల్టర్ బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్ టర్బోకి వెళ్లే అవకాశం కూడా ఉంది. మినహాయింపు ఒకటే: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేని పాత టర్బో డీజిళ్లలో కొన్నింటికి తయారీదారే 15డబ్ల్యూ-40 రాసి ఉంటాడు. వాటికి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణాల్లో సీఐ-4 లేదా సీకే-4 తరగతి 15డబ్ల్యూ-40 నిక్షేపంగా సరిపోతుంది.

లీకు ఆపే మందులు. సీలు మెత్తబరిచే రకం హై మైలేజ్ ఆయిల్ చేసే పనినే మోతాదు లెక్క లేకుండా చేస్తుంది. అతిగా ఉబ్బిన సీలు కొన్నాళ్లకు వదులై ముందుకంటే ఎక్కువ కారుతుంది. తేనెలా చిక్కగా ఉండే రకం ఇంకా హానికరం. చాలా టర్బోల ఫీడ్ పైపును బిగించే బాంజో బోల్టులో (ఆయిల్ తన లోపలి రంధ్రం గుండా వెళ్లే బోల్టు) అతి సన్నటి జాలీ ఉంటుంది. అందులో మసి చేరిన దగ్గరికి చిక్కటి మందు వచ్చి పడితే టర్బోకి ఆయిల్ తగ్గుతుంది, ఆ తర్వాత షాఫ్టు నిమిషాల్లోనే పాడవుతుంది. టర్బో కారులో ఈ డబ్బాలకు చోటు లేదు. బ్రేక్ ఆయిల్ కలిపితే సీలు ఉబ్బుతుందన్న చిట్కా కూడా ఈ ఖాతాలోదే, వినొద్దు.

డబ్బా వెనక ఏం చదవాలి

గ్రేడ్ చూసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. గ్రేడ్ ఒకటే అయినా ప్రమాణం వేరైతే అది వేరే ఆయిల్. యూరప్ పెట్రోల్ టర్బోలకు ఏసీఈఏ ఏ3/బీ4తో పాటు ఆ కంపెనీ సొంత అంగీకారం వెతకండి: వోక్స్‌వాగన్ 502.00, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 లాంటివి. 'అప్రూవల్' అని రాసి ఉంటే తయారీదారు పరీక్షించి ఒప్పుకున్నట్టు. 'ఈ ప్రమాణం అవసరమైన వాహనాలకు అనుకూలం' అని రాస్తే అది ఆయిల్ కంపెనీ సొంత మాట మాత్రమే. రెండూ దొరికినప్పుడు మొదటిదే తీసుకోండి.

డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కి బూడిద తక్కువుండే ఆయిల్ తప్పనిసరి. ఏసీఈఏ సీ3లో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం మించదు, ఏ3/బీ4లో 1.6 దాకా ఉండొచ్చు. బయటికి కారే ఆయిల్ డీపీఎఫ్‌ని ఏమీ చేయదు గానీ కాలే ఆయిల్‌లోని బూడిద అంతా వెళ్లి అక్కడే పేరుకుంటుంది, అది రీజనరేషన్‌లో (డీపీఎఫ్‌లోని మసిని కాల్చేసే పని) కూడా పోదు. పంప్-ఇంజెక్టర్ ఉన్న పాత వోక్స్‌వాగన్ గ్రూపు డీజిళ్లకు 505.01 గాని, దాని స్థానంలో అదే గ్రూపు ఒప్పుకున్న ప్రమాణం గాని లేని ఆయిల్ పోస్తే క్యామ్ అరిగిపోతుంది. అక్కడ లీకు గురించి ఆలోచించే ముందే ఆ అంకె చూడాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ టర్బోలకు ఏపీఐ ఎస్‌పీ తరగతి మంచిది. తక్కువ వేగంలో బరువు పడినప్పుడు వచ్చే అకాల మంటను తట్టుకునేలా ఎస్‌ఎన్ ప్లస్, ఎస్‌పీ తరగతులను రూపొందించారు.

ఆవిరయ్యే శాతం కూడా చూడండి. నోయాక్ విలువ అంటారు. ఏ3/బీ4కి 13 శాతం దాటకూడదు. ఆయిల్ కంపెనీ డేటా షీట్‌లో 10 లోపు ఉన్నది దొరికితే బ్రీదర్ ద్వారా ఇంటర్‌కూలర్‌లోకి చేరే ఆయిల్ తగ్గుతుంది.

ఆయిల్‌తో తీరని లీకులు

వేడి ఎగ్జాస్ట్ మీద పడే లీకు అగ్నిప్రమాదం. హెడ్ కవర్ ప్యాకింగ్ వెనకవైపు, టర్బో ఫీడ్ పైపు, రిటర్న్ పైపు సాధారణంగా దీనికి కారణాలు. క్యాబిన్‌లోకి మాడిన ఆయిల్ వాసన వస్తుంటే నడపడం ఆపి ముందు అవి చేయించండి. టైమింగ్ బెల్టు మీద, క్లచ్ మీద, ఆల్టర్నేటర్ మీద పడేవి కూడా వాయిదా వేయదగ్గవి కావు.

ఎక్కడినుంచో తేలకపోతే ఇంజన్ కడిగి ఆరబెట్టి, ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ డై సీసా మీద చెప్పిన మోతాదులో పోసి, అరగంట నడిపి అల్ట్రావయొలెట్ లైటుతో పైనుంచి కిందికి చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి అన్నిటికన్నా పైన, ముందు ఉన్న తడే అసలు చోటు. చాంబర్ ప్యాకింగ్ మార్చాక కూడా కారిందంటే ఎక్కువసార్లు పైనున్న హెడ్ కవర్‌ని చూడకపోవడమే కారణం.

టర్బో పైపులు విప్పినప్పుడు బాంజో బోల్టు రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. రిటర్న్ ఫ్లేంజికి గమ్ పూయకండి. బిగించినప్పుడు అది లోపలికి పొంగి దారిని ఇరుకు చేస్తుంది, అప్పుడు ఆయిల్ టర్బో రింగుల్లోంచి బయటపడుతుంది.

మార్చేటప్పుడు, మార్చాక

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పాత ఆయిల్ వదిలి, పదిహేను ఇరవై నిమిషాలు కారనివ్వండి. డ్రెయిన్ బోల్టు వాషర్, ఫిల్టర్ కొత్తవి. మడ్డి పట్టిన ఇంజన్‌కు ఫ్లష్ డబ్బా పోయొద్దు, ఊడిన పెచ్చులు నేరుగా చాంబర్ జాలీకి, టర్బో జాలీకి వెళ్తాయి. దానికి బదులు మంచి సింథటిక్‌తో 3000 కిలోమీటర్లకు ఒకసారి చొప్పున రెండుసార్లు ఫిల్టర్‌తో సహా మారిస్తే నెమ్మదిగా శుభ్రపడుతుంది. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరి అర నిమిషం గడిచేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు.

ఎలాగూ కారుతుంది కదా అని గరిష్ఠ గీత పైకి పోయకండి. క్రాంక్ తగిలి ఆయిల్ నురగవుతుంది, రిటర్న్ దారి ఇరుకవుతుంది, లీకు పెరుగుతుంది. రెండు గీతల మధ్య మూడింట రెండు వంతుల దగ్గర ఉంచండి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా ఒక లీటరు చుట్టుపక్కల ఉంటుంది. చదునైన చోట, వేడి ఇంజన్ ఆపి పది నిమిషాల తర్వాత చూడాలి. లీకు ఉన్నంతకాలం వారానికోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా.

పైన పోయడానికి అదే ఆయిల్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకోండి. అది అయిపోయి దారిలో దొరకకపోతే అదే ప్రమాణం ఉన్న వేరే బ్రాండ్ అర లీటరు పోయడం తప్పేమీ కాదు. ఆయిల్ తక్కువగా నడపడం దానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. ఎప్పటికప్పుడు కొత్త ఆయిల్ పోస్తున్నాను కాబట్టి మార్చక్కర్లేదనుకోవడం మాత్రం సరికాదు. మసి, తేమ, లోహపు పొడి కారిపోయేదానికంటే లోపల మిగిలేదానిలోనే ఎక్కువ, ఫిల్టర్ కూడా నిండుతుంది. కారే పాత టర్బోకి 7500 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ప్రతి మార్పు మధ్య పోసిన మొత్తం రాసుకోండి. 1000 కిలోమీటర్లకు అర లీటరు దాటిందంటే ఆ తర్వాత డబ్బు ఆయిల్ మీద పెట్టకుండా సీళ్ల మీద, బ్రీదర్ మీద పెట్టండి.